సంతకానికి ముందు అమ్మ వాటా సంగతి

ప్రశ్న: నేను బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాను. ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా పుట్టిల్లు హిందూపురం దగ్గర ఒక పల్లె. తాతగారి నుంచి వచ్చిన తొమ్మిదెకరాలు నాన్న పేరున ఉన్నాయి. నాన్న సంవత్సరీకం అయిన మర్నాడే అన్నయ్య ‘నువ్వూ అమ్మా రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి సంతకాలు పెట్టండి, భూమి నా పేరుకు మార్చుకుంటాను’ అన్నాడు. అమ్మ ‘పెట్టేయమ్మా, రేపు నీకు పుట్టిల్లు ఉండాలి కదా’ అంటోంది. నా పెళ్లికి ఇచ్చిన కట్నం అప్పు నాన్నతో కలిసి అన్నయ్యే తీర్చాడు. పొలంలో మల్బరీ, పట్టుపురుగుల పని అంతా వదిన చూసుకుంటుంది. మావారు మాత్రం వాటా వదలవద్దంటున్నారు. 1979లో పెళ్లయిన మా మేనత్త, 1986లో తాతగారు పోయాక వాటా అడిగిందని మా ఇంటి గడప తొక్కనివ్వలేదు. నాకూ అదే గతి పడుతుందని భయం. నాకు భూమి మీద ఆశ లేదు. ఇక్కడ ఫ్లాటు కొనుక్కున్నాం, నా నగలు కూడా దానికే పోయాయి. అయినా సంతకం పెట్టాలంటే చెయ్యి రావడం లేదు. పెట్టమంటారా, వద్దంటారా?
– ఒక చెల్లెలు, కె.ఆర్.పురం

సమాధానం: అమ్మా, ఇప్పుడప్పుడే సంతకం పెట్టకండి. ఎప్పటికీ పెట్టవద్దని అనడం లేదు. మీ అన్నయ్య మీద అనుమానంతోనూ చెప్పడం లేదు. మీరు ఇంత పెద్ద ఉత్తరం రాశారు (ఇక్కడ కుదించి ఇచ్చాం). కట్నం అప్పు ఉంది, మీవారి మాట ఉంది, మేనత్త కథ ఉంది. సంతకాలు అయ్యాక అమ్మకు ఏం మిగులుతుందన్న మాట మాత్రం ఒక్కచోట కూడా లేదు. నాకు అక్కడే ఆగిపోవాలనిపించింది. లెక్కల టీచరు కాబట్టి మీకు లెక్కతోనే చెబుతాను.

మీ తొమ్మిదెకరాలనే తీసుకుందాం. ఒక రైతు భార్యనూ కొడుకునూ కూతురినీ వదిలి పోయాడనుకుందాం. మీ ముత్తాతల కాలంలో అయితే లెక్క సులభం. కొడుకుకు తొమ్మిది, భార్యకు సున్నా, కూతురికి సున్నా. భార్యకు మనోవర్తి, అంటే బతికినన్నాళ్లు తిండీ బట్టా. కూతురికి పెళ్లి ఖర్చు. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మగపిల్లలకే అన్నది మితాక్షర సంప్రదాయం. ఆ మితాక్షర గ్రంథం రాసిన విజ్ఞానేశ్వరుడు మనకు దూరపువాడేమీ కాదు, కల్యాణి చాళుక్యుల కొలువులో ఉన్నవాడు. ఆ కల్యాణి ఇప్పటి కర్ణాటకలోని బసవకల్యాణ. ఆయనను పూర్తిగా తిట్టుకోవడమూ న్యాయం కాదు. స్త్రీకి వారసత్వంగా వచ్చినదీ, ఆమె కొనుక్కున్నదీ స్త్రీధనమే అని ఆయన విశాలంగానే రాశాడు. దాన్ని కుదించింది బ్రిటిష్ పాలనలో అన్నిటికంటే పై కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్. వారసత్వంగా వచ్చిన ఆస్తిని ఆడమనిషి బతికినన్నాళ్లు అనుభవించవచ్చు, ఇష్టం వచ్చినట్లు అమ్ముకోవడానికి లేదు, ఆమె తర్వాత అది తిరిగి మగవాడి వారసులకే పోతుంది అని తీర్పులిచ్చింది. ‘ఇది మన అనాది ఆచారం’ అని రచ్చబండ దగ్గర చెప్పేవారికి, అందులో కొంత లండన్‌లో కూర్చున్న జడ్జీలు బిగించిన ముడి అని తెలియదు.

మీ సీమలో మరొకటి కూడా జరిగింది. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాక, థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పొలాలు కొలిపించి రైతువారీ పద్ధతి పెట్టాడు. మధ్యలో జమీందారు లేకుండా రైతుకూ సర్కారుకూ నేరుగా లెక్క. అంతవరకు మంచిదే. పట్టా మాత్రం సాధారణంగా ఇంటి మగ పెద్ద పేరున రాశారు. కలుపు తీసినవారు, కాయ ఒలిచినవారు ఆ కాగితంలోకి ఎక్కలేదు.

ఇక్కడ మీకు నచ్చే విడ్డూరం ఒకటి చెబుతాను. మీరు ఇప్పుడు ఉంటున్న కె.ఆర్.పురం అప్పట్లో మైసూరు సంస్థానంలోది. ఆ సంస్థానం 1933లోనే హిందూ స్త్రీల హక్కుల చట్టం చేసింది. ఉమ్మడి ఆస్తి పంచేటప్పుడు వితంతువుకూ తల్లికీ పెళ్లికాని కూతురికీ కొంత వాటా ఇవ్వాలంది. మీ పుట్టినూరు, అదే సరిహద్దుకు ఇవతల, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడ ఆ చట్టం లేదు. 1937లో దేశమంతటికీ ఒక చట్టం వచ్చి వితంతువుకు కొడుకుతో సమానంగా, బతికినన్నాళ్ల వరకు, హక్కు ఇచ్చింది. నాలుగేళ్లకే ఫెడరల్ కోర్టు ‘వ్యవసాయ భూమి రాష్ట్రాల పరిధిలోది, దానికి ఈ చట్టం వర్తించదు’ అంది. పల్లెలో ఆస్తి అంటేనే వ్యవసాయ భూమి, ఇక ఆ చట్టం ఎవరికి? మద్రాసు రాష్ట్రం 1947లో సొంతంగా చట్టం చేసి దాన్ని పొలాలకు కూడా వర్తింపజేసింది. మీ ఊళ్లో ఒక వితంతువు ‘ఈ చేనులో నాకూ భాగం ఉంది’ అనగలిగింది అప్పుడే. కూతురు మాత్రం అప్పటికీ అనలేదు.

1956 దగ్గర కాసేపు ఆగాలి. హిందువుల పెళ్లి, వారసత్వ నియమాలను మార్చే హిందూ కోడ్ బిల్లు కోసం అంబేద్కర్ నాలుగేళ్లు పోరాడి, దాన్ని పక్కన పెట్టారన్న ఆవేదనతో 1951లో మంత్రి పదవి వదిలేశారు. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ లాంటి వారు కూతుళ్ల పక్షాన గట్టిగా నిలబడ్డారు. చివరికి బిల్లును ముక్కలు చేసి నెగ్గించారు, అందులో ఒక ముక్క హిందూ వారసత్వ చట్టం. దానితో రెండు మేళ్లు జరిగాయి. ఆడమనిషి చేతిలో ఉన్న ఆస్తి బతికినన్నాళ్ల అనుభవం కాకుండా పూర్తి సొంతం అయింది. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన వాటాలో భార్య, కొడుకు, కూతురు సమానం అయ్యారు. అయితే పుట్టుకతో వచ్చే హక్కు జోలికి వెళ్లలేదు, దాన్ని కొడుకులకే ఉంచారు.

ఇప్పుడు లెక్క వేయండి. తొమ్మిదెకరాల్లో తండ్రికి సగం, కొడుకుకు సగం. తండ్రి నాలుగున్నర మూడు భాగాలు. కొడుకుకు మొత్తం ఆరు, కూతురికి ఒకటిన్నర, తల్లికి ఒకటిన్నర. సున్నా నుంచి ఒకటిన్నర అంటే చిన్న మాట కాదు. అయినా ఊళ్లల్లో ఆ ఒకటిన్నరను కూడా పసుపు కుంకుమ కింద చీరా రవికా పెట్టి సరిపెట్టారు.

మీ మేనత్త సంగతి ఇక్కడే వస్తుంది. ఆమె అడిగింది ఎన్టీఆర్ చట్టం వచ్చిందని విని అయి ఉండవచ్చు. 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టం కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. అప్పటికే పెళ్లయిన కూతుళ్లను మాత్రం బయట పెట్టింది. 1979లో పెళ్లయిన మేనత్తకు ఆ చట్టం అందలేదు. ‘చట్టమే లేదంది, ఇంకేం అడుగుతావు’ అని మీ ఇంట్లో అని ఉంటారు. కానీ 1956 చట్టం ఆమెకు అప్పటికే ఉంది. తాతగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, అప్పటికి మీ నానమ్మ కూడా ఉన్నారనుకుంటే, ఆయన సగంలో ఆమెకు మూడో వంతు, అంటే ఒకటిన్నర ఎకరం, ఎవరి దయా లేకుండానే వస్తుంది. ఆమె గొంతెమ్మ కోరిక ఏమీ కోరలేదు. ఆ వాటా వదులుకుంటూ ఆమె ఎప్పుడైనా రిజిస్టరు కాగితం మీద సంతకం పెట్టారా? పెట్టకపోతే, ఇన్నేళ్ల తర్వాత కాలపరిమితి ఆమెకు అడ్డమవుతుందో లేదో మీ వకీలు తేల్చవలసిందే. మీరు ‘నాన్న తొమ్మిదెకరాలు’ అంటున్న దానిలో ఆవిడ భాగం కూడా కలిసి ఉండవచ్చు. ఆవిడ బతికి ఉంటే ఒకసారి వెళ్లి కలవండి. మీ ఇంటి భూమి చరిత్ర మీ అన్నయ్య కంటే ఆవిడకే బాగా తెలిసి ఉంటుంది.

ఆంధ్ర తర్వాత తమిళనాడు 1989లో, కర్ణాటక 1994లో అదే దారి పట్టాయి. తమిళనాడుది ఆ సంవత్సరం హఠాత్తుగా పుట్టిన ఆలోచన కాదు. పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం 1929లో చెంగల్పట్టు మహాసభలోనే స్త్రీలకు సమాన ఆస్తి హక్కు కావాలని తీర్మానించింది. తీర్మానం నుంచి చట్టానికి అరవై ఏళ్లు పట్టింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానం. ఉత్తరాదిన కౌలు చట్టాల చాటున వ్యవసాయ భూమిని వారసత్వ చట్టం నుంచి తప్పించే సందు ఉండేది, దాన్నీ అప్పుడే మూసేశారు. ఆ సందు మూయించడానికి ఆర్థికవేత్త బీనా అగర్వాల్ ఎంతో శ్రమించారు. తర్వాత కర్ణాటక నుంచి వెళ్లిన రెండు కేసుల్లో సుప్రీంకోర్టు 2015లో ఒక రకంగా, 2018లో మరో రకంగా చెప్పి అందరినీ తికమక పెట్టింది. చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. హక్కు పుట్టుకతో వస్తుంది కాబట్టి 2005 నాటికి తండ్రి బతికి ఉన్నారా లేదా అన్నది ప్రశ్నే కాదు.

ఇప్పటి లెక్క చూడండి. తొమ్మిదెకరాలూ ఉమ్మడి ఆస్తే అనుకుంటే నాన్నకు మూడు, అన్నయ్యకు మూడు, మీకు మూడు. నాన్న మూడెకరాలు మళ్లీ ముగ్గురికి ఒక్కొక్కటి. అన్నయ్యకు నాలుగు, మీకు నాలుగు.

అమ్మకు ఒకటి.

1956 లెక్కలో ఒకటిన్నర వచ్చే తల్లికి ఇప్పుడు ఒకటి. కూతురి వాటా పెరిగిన మేర కొడుకుదే కాకుండా తల్లిదీ తగ్గింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుక హక్కు ఆ ఇంట్లో పుట్టినవారికి, ఆమె కోడలిగా వచ్చింది. పురోగతి అని మనం సంబరపడే చట్టంలో ఈ కన్నం ఉంది, దీని గురించి మాట్లాడేవారు తక్కువ. ఒకవేళ ఆ భూమిలో కొంతో మొత్తమో నాన్న సొంత ఆస్తిగా లెక్కకు వస్తే, ఆ మేరకు ముగ్గురికీ సమానం. మొత్తం అలా తేలితే మూడు, మూడు, మూడు. 1986లో తాతగారు పోయినప్పుడు నాన్నకు ఏ భాగం ఏ దారిన వచ్చిందన్న దాన్ని బట్టి అమ్మకు ఒక ఎకరం నుంచి మూడు ఎకరాల వరకు తేడా ఉంటుంది. అందుకే సంతకానికి తొందరపడవద్దని అన్నాను. ఆమె వయసులో రెండెకరాలంటే మందులకూ ఆసుపత్రికీ ఎవరి ముందూ చెయ్యి చాపనక్కర లేకపోవడం.

ఈ లెక్కలో ఏ వరుసలోనూ కనబడని మనిషి ఇంకొకరు ఉన్నారు, మీ వదిన. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ, పట్టుపురుగుల పని అంటే ఏమిటో హిందూపురం పిల్లగా మీకు నేను చెప్పాలా? పొద్దున్నే ఎండ ఎక్కకముందే ఆకు కోయాలి. పురుగులకు రాత్రి మేత కూడా తప్పదు. నాలుగోసారి కుబుసం విడిచాక అవి తినే తిండికి ఇంట్లో మనుషులకు కూర్చోవడానికి తీరిక ఉండదు, ఆ వారం పది రోజులు గదిలో ఆకు నమిలే చప్పుడు వాన పడుతున్నట్టు వినిపిస్తూనే ఉంటుంది. పండిన పురుగులను ఒక్కొక్కటి ఏరి, అవి గూడు కట్టుకునే చంద్రికల మీద వేయాలి, ఆలస్యమైతే ఉన్నచోటనే గూడు కట్టేస్తాయి. సున్నం చల్లడం, తట్టలు కడగడం, జబ్బు పురుగును ఏరి పారేయడం, ఇవన్నీ ఆవిడ చేతి పనులే. గూళ్లు మార్కెట్‌కు వెళ్లిన రోజు చీటీ మీద పేరు మాత్రం మీ అన్నయ్యది, డబ్బు పడే ఖాతా కూడా ఆయనదే.

ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. దేశంలో గ్రామాల్లో పని చేసే స్త్రీలలో నలుగురికి ముగ్గురు వ్యవసాయంలోనే ఉన్నారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు కమతాల్లో స్త్రీల పేరున నడుస్తున్నవి సుమారు 14 శాతమే. విస్తీర్ణంలో చూస్తే 12 శాతం లోపే. పేరు లేకపోతే పంట రుణం లేదు, పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000 రూపాయలు ఆమె ఖాతాలో పడవు, పంట పోతే పరిహారం జాబితాలో ఆమె ఉండదు. భూమే లేని ఆడవారి గతి ఇంకో దారి. వారికి హక్కు అంటే కూలి. సమాన పనికి సమాన వేతనం అని 1976లో చట్టం వచ్చినా చేలల్లో మగ కూలి ఒక రేటు, ఆడ కూలి ఒక రేటుగానే నడిచింది. 2006 ఫిబ్రవరి 2న మీ ఉమ్మడి అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైన ఉపాధి హామీ పనిలోనే చాలామంది ఆడవారు మొదటిసారి మగవారి రేటుకే కూలి తీసుకున్నారు.

అమ్మ ‘పుట్టిల్లు ఉండాలి కదా’ అన్నదాన్ని కొట్టిపారేయకండి. అది ఆమె అమాయకత్వం అని పట్నంలో మనం అనుకుంటాం. కాదు. ఆమె తరంలో ఆడపిల్లకు కాపురం చెడితే పోలీసులు లేరు, కోర్టు లేదు, చేతిలో డబ్బు లేదు. తిరిగి వచ్చి తల దాచుకోవడానికి అన్నదమ్ముల ఇల్లు ఒక్కటే దిక్కు. భూమిలో వాటా వదులుకోవడం ఆ దిక్కును కాపాడుకోవడానికి కట్టిన మూల్యం. మీ మేనత్తకు జరిగింది చూశాక ఆమెకు ఆ నమ్మకం మరింత బలపడి ఉంటుంది. కానీ ఆ మూల్యం కట్టిన ఆడవాళ్లందరికీ ఆ దిక్కు దొరికిందా అని అమ్మనే అడగండి, ఊళ్లో నాలుగు పేర్లు ఆమే చెబుతుంది. బీనా అగర్వాల్, ప్రదీప్ పాండా కేరళలో తిరువనంతపురం జిల్లాలో చేసి 2005లో వెలువరించిన అధ్యయనం ఒకటి ఉంది. భూమీ ఇల్లూ ఏదీ తమ పేరున లేని భార్యల్లో 49 శాతం మంది భర్తల చేతి దెబ్బలు తిన్నామని చెప్పారు. రెండూ ఉన్నవారిలో అది 7 శాతం. పేరున కాస్త నేల ఉన్న ఆడదాన్ని కొట్టేముందు చెయ్యి ఆలోచిస్తుంది, అంతే.

అడిగిన ఆడవారికి చెడ్డపేరు రావడమూ కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, తోటి ఆడవాళ్లూ 1992 ప్రాంతంలో సారా దుకాణానికి అడ్డం నిలబడినప్పుడు వారినీ గయ్యాళులనే అన్నారు. మరుసటి సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత అదే ఊళ్లు వారిని మెచ్చుకున్నాయి.

సరే, ఇక పని సంగతి. ముందు అన్నయ్యను తొందర ఎందుకని తిన్నగా అడగండి. కారణం న్యాయమైనదే కావచ్చు. పాసుపుస్తకం నాన్న పేరున ఉంటే బ్యాంకు కొత్త రుణం ఇవ్వదు, సబ్సిడీలు ఆగిపోతాయి. సేద్యం చేసేవాడికి అది నిజమైన ఇబ్బంది. లేదా అమ్మే ఆలోచన ఉండవచ్చు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక, బెంగళూరు నుంచి స్థలాలు చూడటానికి కార్లు తిరగడం మొదలయ్యాక, ఆ చుట్టుపక్కల ఎకరం ధర మీ నాన్న ఊహించినది కాదు. రుణం కోసమైతే ఒక దారి, అమ్మకం కోసమైతే మరో దారి.

కాగితాల్లో మొదట ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించండి. తాతగారి కాలం నుంచి ఎంత వెనక్కి దొరికితే అంత వెనక్కి. భూమి ఎవరి పేరున ఉందో చెప్పే 1బి, సాగు వివరాలు చెప్పే అడంగల్ కూడా చూడండి. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన పంపకం ఏదైనా జరిగి ఉంటే దాన్ని ఇప్పుడు తిరగదోడలేరు. ఆ తేదీ ఎందుకంటే, సవరణ బిల్లు రాజ్యసభలోకి వచ్చింది ఆ రోజే. చట్టం రాబోతోందని తెలిసి హడావుడిగా పంచేసుకునేవారికి అది అడ్డుకట్ట. ‘నాన్న ఎప్పుడో నోటిమాటతో నాకే ఇచ్చేశాడు’ అంటే మాత్రం అంత తేలికగా చెల్లదు, దానికి సర్కారు రికార్డుల బలం ఉండాలని 2020 తీర్పే చెప్పింది. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో అమ్మ పేరు, మీ పేరు, అన్నయ్య పేరు మూడూ ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. పెళ్లయిన కూతురి పేరు ‘మరిచిపోవడం’ అక్కడే మొదలవుతుంది. మీ తరఫున సంతకాలు పెట్టే అధికారం ఇచ్చే జీపీఏ రాసి ఇవ్వకండి. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం అసలే వద్దు.

అన్నయ్య సంతకం పెట్టమంటున్నది హక్కు విడుదల దస్తావేజు, అంటే మీ వాటా వదులుకున్నట్టు రాసిచ్చే కాగితం. ఒకసారి రిజిస్టరు అయ్యాక, మోసమో బలవంతమో జరిగిందని కోర్టులో రుజువు చేస్తే తప్ప అది వెనక్కి రాదు. దాని బదులు ముగ్గురూ కలిసి భాగపరిష్కార దస్తావేజు రాసుకోండి. ఎవరి వాటా వారి పేరున, ఎవరి పాసుపుస్తకం వారికి. అమ్మకం దస్తావేజు కంటే స్టాంపు ఖర్చు తక్కువే. అన్నయ్య వాటా మీద ఆయనకు రుణం వస్తుంది. మీ వాటా ఆయనకే కౌలుకు ఇవ్వండి. ఇక ఇచ్చేయాలంటారా, మీ పేరున వచ్చాక ఇవ్వండి. అప్పుడు అది మీరు ఇచ్చినట్టు. ఇప్పుడు పెట్టే సంతకంతో, మీకు ఎప్పుడూ ఏమీ లేనట్టే కాగితం మీద నిలిచిపోతుంది. మీ చెయ్యి రాకపోవడానికి కారణం బహుశా ఇదే.

కట్నం లెక్క ఉంది. చట్టం దృష్టిలో కట్నం వాటా కిందికి రాదు. ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచి నేరం. పైగా మీ పేరు చెప్పి ఇచ్చిన డబ్బు మీ చేతికి రాలేదు, అత్తవారింటికి వెళ్లింది. అయినా ఆ అప్పు తీర్చడానికి మీ అన్నయ్య ఎన్ని పంటల డబ్బు ధారపోశాడో మీకు తెలుసు. చట్టం అడగకపోయినా మనసు అడుగుతుంది. అది ఎంతో కాగితం మీద రాసి, ఈనాటి విలువ కట్టి, మీ నాలుగెకరాల్లో అంత మేర తగ్గించుకోండి. మనసులో పెట్టుకుని అందరూ కుమిలిపోవడం కంటే ఎదురుగా కూర్చుని లెక్క తేల్చుకోవడం మేలు. నాన్న పేరున పంట రుణం ఏమైనా మిగిలి ఉంటే అదీ లెక్కలోకి రావాలి, భూమి తీసుకున్నవారందరి మీదా ఆ భారం ఉంటుంది.

అమ్మ తన వాటా కొడుకుకు ఇస్తానంటే అడ్డుపడకండి, ఆమె ఇష్టం. కానీ తిండీ వైద్యం చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. ఆమెకు అరవై నిండి ఉంటే, 2007 నాటి తల్లిదండ్రుల సంరక్షణ చట్టం ప్రకారం ఆ షరతు తప్పినప్పుడు దస్తావేజును రద్దు చేయించవచ్చు. షరతు రాయకపోతే ఆ చట్టం అక్కరకు రావడం కష్టం. నన్నడిగితే, ఆమె వాటా ఆమె పేరుననే ఉంచి, ఆమె తదనంతరం ఎవరికి చెందాలో వీలునామా రాయించడం అన్నిటికంటే శ్రేయస్కరం. మీ వాటాలో ఒకటో రెండో ఎకరాలు అమ్మకు కలిపితే ఇంకా మంచిది, ఆ చట్టంలోని కన్నాన్ని మీ ఇంటి మటుకు మీరే పూడ్చినట్టు.

మిగిలినది అన్నయ్యకు ఇవ్వాలనుకుంటే, ఆయన ఒక్కడి పేరున రాయకండి. అన్నయ్య, వదిన ఇద్దరి పేర్ల మీదా దాన సెటిల్మెంటు రాయండి. ఆయన ముఖం చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి. మల్బరీ తోట ఉన్న చెక్కే ఇస్తే మరీ బాగు.

అన్నయ్యకు ఫోనులో చెప్పకండి, ఊరికి వెళ్లి చెప్పండి. పొద్దున మేత వేసే వేళ కాకుండా, వదిన కూడా కూర్చోగలిగే వేళ చూసుకోండి. ‘అన్నయ్యా, నీ దగ్గర లాక్కోవడానికి రాలేదు. అమ్మ పేరున, నా పేరున రాయించు. ఆ తర్వాత నీకు ఏమివ్వాలో నేనే ఇస్తాను’ అనండి. ఆయన భయం భూమి బావగారి చేతిలోకి పోతుందనే అయితే ఒక మాట చెప్పవచ్చు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన భూమి, పిల్లలు లేని ఆడమనిషి వీలునామా లేకుండా పోతే, తిరిగి తండ్రి వారసులకే వెళుతుంది. పిల్లలు ఉంటే పిల్లలకూ భర్తకూ సమానంగా వెళుతుంది. అది మీకు ఇష్టం లేకపోతే వీలునామా రాసుకోండి. వకీలు ఫీజుకు వెనకాడకండి. ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలందరికీ 1987 నాటి చట్టం ప్రకారం ఉచిత న్యాయ సహాయం ఉంది, కోర్టు ఆవరణలోనే న్యాయసేవల కార్యాలయం ఉంటుంది, 15100కు ఫోను చేసినా చెబుతారు.

మీవారి సలహా సరైనదే. దస్తావేజు మీద మాత్రం మీ ఒక్కరి పేరే ఉండాలి. ఆయనకు ఊరికి రావాలని ఉంటే రానివ్వండి, మాటలు మాత్రం మీరే మాట్లాడండి. ఆడపడుచు అడిగితే అది ఇంటి విషయం, అల్లుడు అడిగితే అది తగాదా అవుతుంది.

ఇంకొకటి. మీ నగలు కరిగిన ఆ ఫ్లాటు సేల్ డీడు బీరువాలోంచి తీసి, కొన్నవారి పేర్ల దగ్గర మీ పేరు ఉందో లేదో ఈ రాత్రే చూడండి. నగరపాలిక ఇచ్చే ఖాతా పత్రంలో, పన్ను రసీదులో కూడా చూడండి. రుణం వాయిదాల్లో మీ జీతం వెళ్తూ పేరు ఆయన ఒక్కరిదే ఉంటే, హిందూపురం బస్సు ఎక్కకముందే ఆయనతో కూర్చుని ఆ మాట తేల్చుకోండి. బ్యాంకు అనుమతితో దాన దస్తావేజు ద్వారా మీ పేరు చేర్చుకోవచ్చు.